వెనక తలుపు మౌసి

పెళ్లిపత్రిక చేతికి వస్తే ఎవరైనా ముందు పెళ్లికూతురి పేరు చూస్తారు, తర్వాత ముహూర్తం చూస్తారు. నేను వేదిక చూశాను. చూడగానే ఒళ్లు మండింది. ఏదో గార్డెన్స్ అని బంగారు అక్షరాలతో అచ్చు వేయించారు. మా వైపు పెళ్లిళ్ల హాలు కట్టిన ప్రతివాడూ దానికి గార్డెన్స్ అనే పేరు పెడతాడు, లోపల వెతికినా ఒక చెట్టు కనిపించదు. సరే, అది వాళ్ల సరదా అనుకుందాం. కింద చిన్న అక్షరాల్లో 'పాత జిన్నింగు మిల్లు, హైవే పక్కన' అని గుర్తు రాశారు. నా చూపు అక్కడ ఆగిపోయింది.

"ఈ పెండ్లికి నేను రాను" అన్నాను.

"మీతోని పన్నెండేండ్లు పనిచేసిన సారు బిడ్డ పెండ్లి. పోకుంటె ఏమనుకుంటరు?" అంది మా ఆవిడ. "ఆ గోడలతోని మీకేం పంచాయితీ?"

పంచాయితీ గోడలతో కాదు. ఆ గోడల మధ్య ఒక తలుపు ఉండేది. దాన్ని కాపాడిన ఒక మనిషి ఉండేది. ఆ మనిషి పోయి రెండేళ్లయింది. ఆమె పోయినప్పుడు మోకాళ్ల నొప్పులని సాకు చెప్పి కరీంనగర్ నుంచి కదలని వాణ్ని, ఇప్పుడు అక్కడికే పోయి పప్పూ బూందీ వడ్డించుకుని తినాలా? నామీద నాకే అసహ్యం వేసింది. అయినా పోయాను. పోవడం మంచిదే అయింది. లేకపోతే ఇది రాసేవాణ్ని కాను.

ఆదిలాబాద్ వైపు నల్లరేగడిలో పత్తి తప్ప వేరే మాట వినపడని రోజుల్లో కట్టిన మిల్లు అది. రాతి గోడలు, పైన రేకులు, ఎత్తుగా ఉండే పొడవాటి హాలు. మొదట పత్తి నుంచి గింజ తీసే మిల్లు. అది మూతపడ్డాక మక్కజొన్నల గోదాము. ఆ తర్వాత మా ప్రైవేటు జూనియర్ కాలేజీ. ఇప్పుడు పెళ్లిళ్ల హాలు. సొంతదారులు మాత్రం ఒకే ఇంటివాళ్లు: తాత, కొడుకు, మనవడు. రంగులు మారాయి, బోర్డులు మారాయి, గేటు రెండుసార్లు మారింది. మారకుండా లోపల పనిచేసిన మనిషి ఒక్కతే. మిల్లులో పత్తి ఏరింది, గోదాములో మక్కలు ఊడ్చింది, కాలేజీలో గదులు తుడిచింది. ఊరంతా ఆమెను మౌసి అనేది. సరిహద్దు అవతలి మరాఠీ పల్లె నుంచి కోడలిగా వచ్చిన మనిషి. అక్కడ పిన్నిని మౌసి అంటారు. అసలు పేరు కాలేజీ హాజరు పట్టీలో ఉండే ఉంటుంది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా నేను చూడలేదు.

ఆమెను మొదటిసారి చూసింది కాలేజీలో నా మొదటి రోజున. హాలును ప్లైవుడ్‌తో నాలుగు గదులు చేశారు. చివరి గది నాది. తెలుగు పద్యానికి ప్రతిపదార్థం చెబుతున్నాను. కొత్త మాస్టారినని గొంతు కాస్త పెంచి మరీ చెబుతున్నాను. తలుపు తోసుకుని ఒక పొట్టి మనిషి లోపలికి వచ్చింది. గోచి పోసి కట్టిన చీర, నడుముకు దారంతో కట్టిన చిన్న సీసా. నావైపు చూడలేదు, పిల్లల వైపు చూడలేదు. బెంచీల మధ్య నుంచి నేరుగా వెనక గోడ దగ్గరికి పోయింది. అక్కడ ఒక ఇనుప తలుపు. దాని గొళ్లెం తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. సీసాలోంచి రెండు చుక్కల నూనె గొళ్లెంలో వేసింది. మళ్లీ తీసింది, పెట్టింది. కిర్రుమనలేదు. తల ఊపుకుంది. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"పాఠం నడువనియ్యి సారూ, నాది నేను చూస్కుంట" అంది పోతూ పోతూ.

పిల్లలు ఒక్కసారిగా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం కరస్పాండెంటుకు ఫిర్యాదు చేద్దామని కూడా పోయాను. ఆయన చెయ్యి ఊపేశాడు. "మౌసి గట్లనే. తలుపు చూడకుంటె ఆమెకు బువ్వ దిగది. వదిలెయ్యండ్రి" అన్నాడు. రోజూ వచ్చేది. సంధులు చెబుతున్నా, సమాసాలు చెబుతున్నా, పరీక్ష జరుగుతున్నా ఆగేది కాదు. నెల తిరిగేసరికి ఆమె రాకపోతే నాకే పాఠం సాగేది కాదు.

కొత్తగా ఎక్కడికి పోయినా ఆమె అడిగే మొదటి మాట ఒకటే: "ఎన్క తొవ్వ ఉన్నదా?" మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు మా ఆవిడ మంచినీళ్లు ఇచ్చి కూర్చోమంది. కూర్చోలేదు. తిన్నగా వంటింట్లోకి పోయి పెరటి తలుపు చూసింది. దానికి అడ్డంగా బియ్యం బస్తా, దానిమీద ఇస్త్రీ బట్టల మూట.

"ఏందమ్మా ఇది? గీ బస్తా దియ్యి."

"ఎందుకు మౌసి? దొంగల బయానికి పెట్టిన."

"దొంగలు ముందల్నుంచి గూడ వస్తరు. నువ్వు పోవుటానికి తొవ్వ ఉండాలె గద!"

కొత్త మనిషి వచ్చి తన వంటిల్లు సర్దడమేమిటని మా ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది. బస్తా మాత్రం తీసింది. ఇప్పుడు కరీంనగర్‌లో మేముంటున్న ఇంట్లో కూడా పెరటి తలుపు దగ్గర ఒక చీపురు కూడా పెట్టనివ్వదు. బస్సెక్కినా మౌసిది అదే వరస. అత్యవసర ద్వారం పక్క సీటు కాకపోతే నిలబడే ప్రయాణం చేసేది. ఆ రూటు కండక్టర్లు "మౌసి ఎక్కింది, ఎన్క సీటు ఖాళీ చెయ్యండ్రి" అని ఆట పట్టించేవాళ్లు. ఆమె నవ్వేది కాదు. కోపమొస్తే మరాఠీ వచ్చేది. "బస్ ఝాలా!" అనేది, చాలించండి అని. ఆ మాటకు ఎంతటి పోకిరీ అయినా నోరు మూసేవాడు.

ఎందుకిదంతా అని నేను మూడేళ్లదాకా అడగలేదు. చాదస్తం అనుకున్నాను. చదువుకున్నవాళ్లం కదా, ఎదుటి మనిషి భయాన్ని చాదస్తమని తేలిగ్గా తీసేస్తాం. ఒక మధ్యాహ్నం కాలేజీకి సెలవు ఇచ్చారు, నేను జవాబు పత్రాలు దిద్దుతూ కూర్చున్నాను. ఆమె ఆ తలుపు బార్లా తెరిచి గడప మీద కూర్చుని రొట్టె తింటోంది. గాలికి తలుపు కొట్టుకోకుండా ఒక పెద్ద ఇత్తడి తాళాన్ని కింద అడ్డం పెట్టింది. చెవి లేని తాళం, బిగుసుకుపోయి ఉంది.

"ఈ తాళం ఎక్కడిది మౌసి?" అన్నాను, ఊరికే.

ఆమె రొట్టె ముక్క కింద పెట్టింది.

"దూదికి అగ్గంటుకుంటె మంట కనవడది సారూ. లోపల్లోపల్నే పోతది. ఆ దినం పత్తిల ఒక రాయి వచ్చింది. రాయి జిన్ను మిషన్ల వడ్డది, నిప్పురవ్వ లేసింది. ముందల ఉన్నోళ్లం మేం ఉరికినం. నా చెల్లె ఎన్క గింజల కుప్ప కాడ ఉండె. మమ్ముల ఇద్దర్ని ఒక్కింటికే ఇచ్చిండ్రు, ఇద్దరం ఒక్కకాన్నే పని. గీ తలుపు దానికి మూడడుగులు. నేను బైటికెంచి సుట్టు తిరిగి ఉరికొచ్చిన. వచ్చి చూస్తె తాళం. అది లోపల్నుంచి కొడుతున్నది. 'అక్కా, తియ్యవే' అంటున్నది."

ఆగింది. నేను పెన్ను మూత పెట్టాను.

"మరి తాళంచెవి?"

"మునీము మొలతాడుకు. మునీము బువ్వ తిన ఇంటికి వోయిండు."

మునీము అంటే మిల్లు లెక్కలు, తాళాలు చూసే గుమాస్తా. ఆడవాళ్లు ఒడిలో పిడికెడు దూది దాచుకుని వెనక నుంచి పోతారని ఆ తలుపుకు తాళం వేసేవాడట. పిడికెడు దూది! దానికోసం ఒక మనిషిని లోపల పెట్టి తాళం వేసి, తాను ఇంట్లో కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని, అన్నం కలుపుకున్నాడు. అతని మీద కేసు అయిందా అని అడిగాను. ఆమె నన్ను చిన్నపిల్లవాణ్ని చూసినట్టు చూసింది.

కేసు కాలేదు కానీ ఇంకొకటి అయింది. ఆ మిల్లులో ఒక ఆనవాయితీ ఉండేది. దసరా అయ్యాక పత్తి కాలం మొదలయ్యే రోజున యంత్రాలకు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మంచి చెయ్యి అని పేరున్న ఒక ఆడమనిషి చేత మొదటి పిడికెడు పత్తి యంత్రంలో వేయించేవాళ్లు. ఆ పిడికెడు పడనిదే యంత్రాలు తిప్పే పట్టా కదలదు. నాలుగేళ్లుగా ఆ చెయ్యి మౌసిది. చెల్లెలు పోయిన తర్వాతి దసరాకు కూడా మిల్లు యజమాని సేటు ఆమెనే పిలిపించాడు. ఆమె పిడికెడు పత్తి తీసుకుని యంత్రం ముందు నిలబడింది. వేయలేదు.

"ఎయ్యి మౌసి, మంచి గడియ దాటిపోతది" అన్నాడు సేటు.

"ఎన్క తలుపు తాళం ఇప్పించుండ్రి సేటు. నా చేతిల వెట్టుండ్రి. అప్పుడేస్త."

"అది తర్వాత చూద్దం."

"అయితె ఇది గూడ తర్వాతనే."

బయట పత్తి బండ్లు రోడ్డుదాకా బారు కట్టి ఉన్నాయట. ఇంకొకరి చేత వేయించండని మునీము అన్నాడు. పక్కనున్న ఆడవాళ్లంతా చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఎంతసేపు నిలబడ్డావని నేను అడిగితే, "పిడికిట్ల పత్తి చెమటకు తడిసేదాక" అంది. చివరికి సేటు తాళం తీయించి ఆమె చేతిలో పెట్టాడు. లోపలి వైపు గొళ్లెం బిగించాడు. అప్పుడు ఆమె ఆ తడిసిన పత్తి యంత్రంలో వేసింది. తాళం మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఎవరూ మళ్లీ వాడకుండా నొక్కి మూసి, తలుపుకు అడ్డుగా వాడుకుంది.

ఆ రోజు నుంచి ఆమె నా క్లాసులోకి వచ్చినప్పుడు నేను పాఠం ఆపి, పక్కకు జరిగి దారి ఇచ్చేవాణ్ని.

గోదాము కాలం సంగతి ఆమే నవ్వుతూ చెప్పింది. హమాలీలు మక్కల బస్తాలు తలుపుకు ఆనించి రేకులదాకా పేర్చేశారు. తీయమంటే వినలేదు. గోదాము చూసే మనిషిని అడిగితే, మక్కలకు తొవ్వ ఎందుకని వెక్కిరించాడు. మర్నాడు పొద్దున హమాలీలు వచ్చేసరికి బస్తాల మీద పసుపు, అయిదు కుంకుమ బొట్లు, ఒక నిమ్మకాయ. ఎవరు పెట్టారని ఆమె ఏమీ ఎరగనట్టు అడిగింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మధ్యాహ్నానికి బస్తాలన్నీ వాళ్లే తీసి, మనిషి పట్టేంత దారి వదిలారు. గడపకు కూడా పసుపు రాసి పెట్టింది. అప్పటి నుంచి ఆ దారిలో చెప్పులతో నడిచినవాడు లేడు.

"అగ్గంటె బయపడరు సారూ, నిమ్మకాయంటె బయపడుతరు" అని ఎంత నవ్విందో! దూది పీల్చి పీల్చి పాడైన ఊపిరితిత్తులు, నవ్వితే దగ్గు తెర వచ్చేది. దగ్గుతూనే నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు ఏడుపొస్తుంది.

ఎందుకంటే ఆ నిమ్మకాయను పెద్ద చేసింది నేను. పిల్లలు ఆ తలుపు గుండా మధ్యలో జారుకుంటున్నారని కరస్పాండెంటుకు ఒళ్లు మండి, ఇటుకలు తెప్పించాడు. తలుపు తీసేసి గోడ కట్టించాలని. మౌసి నా దగ్గరికి వచ్చి నిలబడింది, అంతే. నేను కరస్పాండెంటు గదిలోకి పోయాను. నూట ఇరవై మంది పిల్లలు, ఒకటే ముందు తలుపు, పైన రేకులు, మధ్యలో ప్లైవుడ్డు, ఏమైనా జరిగితే ఎలా అని చెప్పాను. ఆయన పేపరు చదువుకుంటూ విన్నాడు. "ఇన్నేండ్లు ఏం కాలే గద సార్" అన్నాడు. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది.

"అది అమ్మవారి గడప సార్. మిల్లు కట్టకముందు నుంచే ఉన్నది. ముట్టుకుంటె కీడు."

మూఢనమ్మకాల మీద పిల్లల చేత వ్యాసాలు రాయించే మనిషిని నేను! ఆయన పేపరు పక్కన పెట్టాడు, కాళ్లు కిందికి దించాడు, రెండు చేతులూ జోడించాడు. "ముందే చెప్పొద్దా సారూ!" అన్నాడు. సాయంత్రానికి ఇటుకలు వెళ్లిపోయాయి.

మర్నాడు మౌసి నాకు జొన్నరొట్టె, పుంటికూర తెచ్చిపెట్టింది. "నువ్వు గూడ నా తీర్గ అబద్ధాలకోరువైతివి" అంది ముసిముసిగా. వారం తిరక్కుండా కరస్పాండెంటు భార్య ఆ గడపకు రవికె గుడ్డ తెచ్చి పెట్టింది. మౌసి దాంతో బెంచీలు తుడిచింది. పరీక్షలప్పుడు ఆడపిల్లలు హాల్ టికెట్లు గడపకు ఆనించి కళ్లకు అద్దుకున్నారు. ఇద్దరం దూరంగా నిలబడి చూసి, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుకున్నాం. తలుపు తెరిచి ఉంది కదా, అంతకంటే ఏం కావాలి అనుకున్నాం.

కాలేజీ కొత్త భవనానికి మారాక ఆ హాలు కొన్నేళ్లు ఖాళీగా ఉంది. కరోనా వచ్చినప్పుడు హైవే మీద నడుచుకుంటూ ఉత్తరాదికి పోతున్న కూలీలను రాత్రిళ్లు అందులో పడుకోబెట్టారు. వాళ్లు ఊళ్లోకి రాకుండా బయట గొళ్లెం పెట్టాలని ఎవరో పెద్దమనిషి హుకుం జారీ చేశాడట. మౌసి అప్పటికి కర్ర లేకుండా నడవలేకపోయేది. మూతికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక గడప మీద పోయి కూర్చుంది. "పెట్టుండ్రి గొళ్లెం, నన్ను గూడ లోపటేసి పెట్టుండ్రి" అంది. పెట్టలేదు.

ఇంక మనవడి సంగతి. సేటు మనవడు దుర్మార్గుడని రాస్తే నాకు సుఖంగా ఉండేది. కాదు. నెమ్మదస్తుడు, పెద్దల కాళ్లకు మొక్కేవాడు, బీదవాళ్ల పెళ్లిళ్లకు అద్దె తగ్గించేవాడు. అసలు నా కడుపు రగిలిపోయేది అందుకే. పెళ్లిళ్ల హాలు పనులు మొదలైన రోజుల్లో నేను కరీంనగర్ నుంచి కాలేజీకి పీఎఫ్ పింఛను కాగితాల పని మీద పోయి, అటు వెళ్లాను. మౌసి వెనక గడప దగ్గర చతికిలబడి, కొబ్బరి పీచుతో, బకెట్ నీళ్లతో గడప తోముతోంది. ఏళ్ల తరబడి పేరుకున్న పసుపూ కుంకుమా ఎర్రటి బురదలా కారుతున్నాయి. చుట్టూ మేస్త్రీలు పని ఆపి చూస్తున్నారు. మనవడు పక్కన వంగి నిలబడి బతిమాలుతున్నాడు.

"మౌసీ, నువ్వు ఫికర్ చెయ్యకు. మీ అమ్మవారిని మేం తీసేస్తమా? పాలరాయితోని మంచిగ గుడి కట్టిస్త. దినాం దీపం పెట్టిపిస్త."

"గుడొద్దు బిడ్డా. నీకు దండం వెడత. ఈడ అమ్మవారు లేదు. నేను అబద్ధమాడిన. ఇది తలుపు. ఉత్త తలుపు. నా చెల్లె ఈడ్నే సచ్చింది. తొవ్వ ఉంచు, అంతే."

"సరే మౌసీ, సరే" అన్నాడు అతను. గొంతులో ఎంత ప్రేమ! ఒక్క ముక్క కూడా లోపలికి పోలేదని అతని మొహమే చెబుతోంది.

"ముసల్దానికి పూనకమొచ్చింది. ఆడ సచ్చినామెనే అమ్మవారైంది గావచ్చు" అని ఒక మేస్త్రీ పక్కవాడితో అన్నాడు. నా చెవులతో విన్నాను.

మౌసి తల ఎత్తి నన్ను చూసింది. "సారూ, నువ్వన్న చెప్పు" అంది.

చెప్పాను. చెప్పానా? "బాబూ, మౌసి చెప్పేది నిజం. ఇది తలుపే, మూయకు" అన్నాను. ఆ అబద్ధం నేనే ఆడానని, అమ్మవారిని కరస్పాండెంటు చెవిలో వేసింది నేనేనని చెప్పలేదు. పదిమంది మేస్త్రీల ముందు, నన్ను సారూ సారూ అంటున్న కుర్రాడి ముందు, పరువు అడ్డం వచ్చింది. అతను నాకు కూడా "సరే సార్" అన్నాడు. మౌసి నన్ను కాసేపు చూసి, మళ్లీ పీచు తీసుకుని తోమడం మొదలుపెట్టింది. ఆమెను నేను చూడడం అదే ఆఖరు. ఆ చలికాలంలోనే పోయింది.

పెళ్లి పగటి ముహూర్తం. హాలు చూసి గుర్తుపట్టలేకపోయాను. ఏసీ కోసం కిటికీలన్నీ మూసేశారు. రాతి గోడల మీద బట్ట, థర్మోకోల్, ప్లాస్టిక్ పూలు. అంటుకోవడానికి దూది కంటే ఏం తక్కువ? ఏడెనిమిది వందల మంది జనం, ముందు వైపు ఒకటే ద్వారం, దానికి కూడా సగం అడ్డంగా పన్నీరు చల్లే అమ్మాయిల బల్ల. అక్షింతలు వేసి, నేను నేరుగా వెనక్కి నడిచాను. "ఎక్కడికి? జర కూసోరాదుండ్రి" అంటూ మా ఆవిడ వెనకే వచ్చింది.

తలుపు లేదు. తలుపున్న చోట ఇటుకలు పేర్చి, పైన పాలరాయి అతికించారు. మధ్యలో ఒక గూడు, దానికి ఇనుప జాలీ. గూటిలో దేవత. దగ్గరికి పోయి కళ్లజోడు సర్దుకుని చూశాను. మౌసి ఇత్తడి తాళం. పసుపు పూసి, కుంకుమ అద్ది, రెండు వెండి కళ్లు అతికించారు. చెల్లెల్ని చంపిన తాళానికి వెండి కళ్లు! పైన 'తాళపు తల్లి' అని బోర్డు. మొక్కుకున్నవాళ్లు జాలీకి చిన్న చిన్న తాళాలు వేసి పోతున్నారు. జాలీ నిండా తాళాలే. ఛీ! ఏం మనుషులం మనం? ఒక మనిషి చేతులెత్తి దండం పెట్టి వద్దు మొర్రో అంటే, ఆమెనూ వినం, ఆమె చావునూ వినం, ఆమె తాళానికి మాత్రం కర్పూరం వెలిగిస్తాం.

వాకీటాకీ పట్టుకుని తిరుగుతున్న మేనేజరు కుర్రాణ్ని పట్టుకున్నాను.

"బాబూ, గిది తలుపు గద? ఎందుకు మూసిండ్రు?"

"తలుపెక్కడిది సార్? ఇది అమ్మవారి జాగ. మిల్లు కట్టకముందు నుంచే ఉన్నది."

"ఎవడు చెప్పిండు నీకు?" గొంతు పెరిగింది నాది. మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది.

"గట్లంటరేంది సార్! ఎన్కట ఈడ కాలేజీ ఉండెనంట. తెలుగు సారు ఒకాయన చెప్పిండంట. బాగ చదువుకున్నాయన."

 కుర్రాడు ఏదో పిలుపు వచ్చి వెళ్లిపోయాడు. అప్పుడే కరెంటు పోయింది.

పట్టపగలు, పదకొండు గంటల వేళ, కళ్లు పొడుచుకున్నా కనిపించని చీకటి. బ్యాండు ఆగింది. ఎక్కడో కుర్చీలు పడ్డాయి, ఒక పిల్ల కెవ్వున ఏడ్చింది. జనం ముందు ద్వారం వైపు కదిలిన చప్పుడు, ఎవరో "నూకకుండ్రి, నూకకుండ్రి" అని ఒర్రడం. రెండో మూడో ఫోన్లు వెలిగాయి. నా చేతులు నన్నడక్కుండానే గోడ మీదికి పోయాయి. కుడి పక్కన, ఛాతీ ఎత్తున ఉండాలి గొళ్లెం. పన్నెండేళ్లు రోజూ చూసిన గొళ్లెం. చల్లటి పాలరాయి తగిలింది. పైకి తడిమాను, కిందికి తడిమాను. జాలీ తగిలింది, తాళాలు గలగలమన్నాయి. "ఉన్నదా? దొరికిందా?" అంటోంది మా ఆవిడ నా చొక్కా పట్టుకుని. ఆమెకు కూడా తెలుసు నేను దేనికోసం వెతుకుతున్నానో.

జనరేటరు అందుకుంది. దీపాలు వెలిగాయి. నిమిషం కూడా పట్టి ఉండదు. జనం నవ్వుకుంటూ కుర్చీలు సర్దుకున్నారు, బ్యాండు మళ్లీ మొదలైంది. నేను రెండు అరచేతులూ గోడకు ఆనించి, నుదురు పాలరాయికి తాకించి, ఒళ్లంతా చెమటతో నిలబడి ఉన్నాను.

"మొక్కు గట్టిగ మొక్కుతున్నరు సారూ! ఏమన్న పరేషానా?" పక్కన ఒకామె. పట్టుచీర, చేతిలో కుంకుమ పళ్లెం, కొంగు పట్టుకుని నాలుగేళ్ల పిల్ల.

"మొక్కుతలేనమ్మా. గొళ్లెం దేవులాడుతున్న. ఇది తలుపు. ఈడ ఏ తల్లి లేదు. నిప్పు వస్తె బైటికి పోయే తొవ్వ ఇది, మూసేసిండ్రు."

ఆమె అర్థం కానట్టు చూసింది. ఇంక దాచుకోవడానికి నాకేం మిగిలిందని?

"ఇది అమ్మవారి గడప అని చెప్పిన తెలుగు సారు ఉన్నడు గద, ఆయన నేనే. నేనే చెప్పిన అమ్మా. అబద్ధం చెప్పిన."

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "మీరేనా సారూ గా సారు?" అంది. పళ్లెం కింద పెట్టింది. కొంగు భుజం మీదుగా కప్పుకుని, వంగి నా రెండు కాళ్లకూ మొక్కింది. తర్వాత పక్కనున్న పిల్ల తల పట్టుకుని వంచి, దానితో కూడా మొక్కించింది.